కూటములు, విభాగములు: అమెరికా కళాశాలల ఫుట్‌బాల్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఫుట్‌బాల్ అనిన మనము ఎరిగిన కాలిబంతి ఆట కాదు. మన ఆటను వారు సాకర్ అందురు. వారి ఫుట్‌బాల్‌లో కోలగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుట, దూరముగా విసరుట, ఎదిరిపక్షము వారిని అడ్డగించి పడవేయుట ముఖ్యములు. ఈ ఆట ఆ దేశమున పెరిగి పెద్దదైనది కళాశాలల ప్రాంగణములలో. 1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమున రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థులు ఆడిన ఆటను కళాశాలల మధ్య జరిగిన మొదటి ఫుట్‌బాల్ పోటీగా లెక్కింతురు. ఆనాటి ఆట నేటి ఆటవలె ఉండలేదు. రట్గర్స్ 6-4 తో గెలిచెను. నేడు శరదృతువున ప్రతి శనివారమును ఈ ఆట చూచుటకు పెద్ద విశ్వవిద్యాలయములలో ఒక్కొక్క మైదానమున లక్షమంది వరకు కూడుచున్నారు. తెలుగుదేశము నుండి పోయిన విద్యార్థులనేకులు ఆ విశ్వవిద్యాలయములలోనే చదువుచున్నందున ఆ శనివారముల సందడి మనవారి ఇండ్లలోనికిని కొంత వచ్చినది.

అయితే ఇటీవలి సంవత్సరములలో ఆటను మించి అచటివారిని కలవరపెట్టుచున్న ప్రశ్న మరియొకటి కలదు. ఎవరు ఎవరితో ఆడవలెను? ఏ కళాశాల ఏ కూటమిలో ఉండవలెను? ఆ కూటమిని మరల విభాగములుగా చీల్చవలెనా, వలదా? పైకి చూచిన ఇది కార్యాలయపు కాగితముల సంగతివలె కనబడును. కాని దీనివలన నూరేండ్ల పొరుగుపోటీలు నిలిచిపోయినవి. ఒక కూటమిని స్థాపించిన కళాశాలయే ఆ కూటమిలో దాదాపు ఒంటరిగా మిగిలినది. ఇందులకు మూలమైన లెక్కను, ఆ లెక్కను తప్పించిన ధనమును మేము ఇచట వివరింపదలచితిమి.

మొదట రెండు మాటలను వేరుపరుపవలెను. ఎన్. సి. ఎ. ఎ. అను జాతీయ క్రీడాసంఘము 1973లో కళాశాలలను మూడు డివిజనులుగా ఏర్పరచెను. 1978లో ఫుట్‌బాల్ కొరకు మొదటి డివిజనును మరల రెండు అంతస్తులుగా విభజించెను. ఇవి స్థాయిని తెలుపు విభజనలు. మేము మాటలాడునది వీనిని గూర్చి కాదు. పై అంతస్తులో 130కి పైగా జట్లు కలవు. ఆ జట్లు తమలో తాము చేసికొనిన సంఘములను కాన్ఫరెన్సు లందురు. వానినే మేము కూటములు అనుచున్నాము. ఒక కూటమి లోపల జట్లను రెండు పాళ్ళుగా పంచినపుడు ఆ పాళ్ళు విభాగములగును. మన ప్రసంగము ఈ కూటములను, ఈ విభాగములను గూర్చినది.

కూటములు ఎవరో పైనుండి గీసిన పటము కావు. 1895 జనవరిలో పర్డ్యూ విశ్వవిద్యాలయాధ్యక్షుడు జేమ్స్ స్మార్ట్ పిలుపున ఏడు విశ్వవిద్యాలయముల అధ్యక్షులు షికాగోలో సమావేశమైరి. చదువునకు సంబంధములేని వారు డబ్బునకు వచ్చి జట్లలో ఆడుట మొదలైన దురాచారములను అరికట్టుట వారి ఉద్దేశము. మరుసటి సంవత్సరము ఆచార్యుల ప్రతినిధులతో ఆ కూటమి స్థిరపడెను. తరువాత దానికి బిగ్ టెన్, అనగా పెద్ద పది, అను పేరు వచ్చినది. పసిఫిక్ తీరమున 1915లో మరియొక కూటమి పుట్టెను. అందలి కళాశాలలు ఒకరి ఊరికి ఒకరు రైలుపై పోయి రాగలిగినవి. ఒకే విధమైన నియమములకు కట్టుబడిన ఇరుగుపొరుగువారి ఒడంబడికయే కూటమి యనవచ్చును.

ఇక లెక్కను చూతము. ఈ ఆటలో దేహమునకు తగులు దెబ్బలు ఎక్కువ. కనుక వారమునకు ఒక్కసారికంటె ఆడుట కష్టము. 2006 నుండి ఒక ఋతువునకు 12 పోటీలు నియమము. అందులో మూడు నాలుగింటిని కూటమికి వెలుపలి జట్లకొరకు విడిచిపెట్టుదురు. జార్జియా, జార్జియా టెక్ వంటి పొరుగువారు వేరువేరు కూటములలో ఉన్నను ఏటేట తలపడుట ఈ విడిచిన దినములలోనే. కూటమిలోపల ఆడుటకు మిగులునవి ఎనిమిదియో తొమ్మిదియో.

కూటమిలో పది జట్లున్నచో ఒక్కొక్క జట్టు మిగిలిన తొమ్మిదింటితోను ఒక్కొక్కసారి ఆడగలదు. మొత్తము 45 పోటీలు. అందరును అందరితో ఆడిరి కనుక పట్టికలో పైనున్నవారు నిజముగా పైనున్నవారే. జట్లు పండ్రెండైనచో జోడీల సంఖ్య 66 అగును. ఒక్కొక్కరికి ఎనిమిది పోటీలే యున్నచో జరుగునవి 48 మాత్రమే. తక్కిన 18 జోడీలు ఆ సంవత్సరము తలపడవు. ఒక జట్టునకు బలహీనులు, మరియొక జట్టునకు బలవంతులు వంతునకు వచ్చినచో పట్టికలోని అంకెలకు అర్థము తగ్గును. కూటమి పెరిగినకొలది ఈ లోపము పెరుగుచుండును.

మరి కూటములను ఎందులకు పెంచిరి? టెలివిజను ఇందులకు ప్రధానకారణము. ఏ జట్టు ఆటను ఎన్నిసార్లు టెలివిజనులో చూపవలెనో ఎన్. సి. ఎ. ఎ. సంఘమే చాలకాలము నిర్ణయించుచుండెను. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయములు ఆ అధికారమును న్యాయస్థానమున ప్రశ్నించినవి. 1984 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 7-2 సంఖ్యతో వారి పక్షమున తీర్పు చెప్పెను. విభేదించిన ఇద్దరిలో ఒకడైన బైరన్ వైట్ తన విద్యార్థిదశలో పేరుపొందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఆ తీర్పుతో ప్రసారహక్కులు అమ్ముకొను స్వేచ్ఛ కళాశాలలకును కూటములకును వచ్చినది. పెద్ద నగరములు, పేరుగల జట్లు ఎక్కువగా ఉన్న కూటమికి ఎక్కువ ధర పలికెను. అంతట పొరుగుతనము కంటె ప్రేక్షకుల సంఖ్య ముఖ్యమైనది.

రెండవ కారణము ఒక నియమము. పండ్రెండు జట్లున్న కూటమి రెండు విభాగములుగా ఏర్పడి, రెండింటి విజేతలకు తుదిపోటీ పెట్టుకొనవచ్చునని ఎన్. సి. ఎ. ఎ. అనుమతించియుండెను. ఆగ్నేయ రాష్ట్రముల కూటమియగు సౌత్ ఈస్టర్న్ దీనిని మొదట పెద్దయెత్తున ఉపయోగించెను. ఆర్కన్సా, సౌత్ కరోలినా జట్లను చేర్చుకొని పండ్రెండై, 1992లో బర్మింగ్‌హాం నగరమున తుదిపోటీ జరిపెను. అలబామా 28-21 తో ఫ్లారిడాను గెలిచెను. ఆ ఒక్క ఆటవలన వచ్చు రాబడిని చూచిన పిమ్మట ఇతర కూటములకును పండ్రెండు అను సంఖ్యపై మనసు పోయినది. 1996లో టెక్సాసులోని నాలుగు జట్లు మధ్యరాష్ట్రముల ఎనిమిది జట్లతో కలిసి బిగ్ ట్వెల్వ్ అను కూటమిగా ఆడ నారంభించినవి. 1914లో పుట్టిన సౌత్‌వెస్టు కూటమి అంతటితో అంతరించెను.

విభాగములలో మేలు లేకపోలేదు. ఆరుగురున్న విభాగములో ప్రతి జట్టు మిగిలిన ఐదింటితోను తప్పక ఆడును. పొరుగువారు ఒకే విభాగమున ఉన్నచో వారి పోటీ ఏటేట నిలుచును. విభాగమున మొదటిస్థానము ఎవరిదో సామాన్యప్రేక్షకుడు వ్రేళ్ళపై లెక్కించుకొనగలడు. పండ్రెండు జట్లకు ఇది చాలవరకు సరిపోయిన ఏర్పాటు.

కాని గీత ఎక్కడ గీసినను ఎవరో ఇద్దరు గీతకు చెరియొక ప్రక్కను పడుదురు. నార్త్ కరోలినా, వేక్ ఫారెస్టు ఒకే రాష్ట్రములోనివి. 1953లో ఆట్లాంటిక్ కోస్టు కూటమిని స్థాపించినవారిలో రెండును కలవు. విభాగములు ఏర్పడినపుడు వేరువేరు వైపుల పడుటచే వీరి పోటీ అరుదయ్యెను. తుదకు 2019లోను 2021లోను తమ పోటీలను కూటమిపట్టికలో చేరని వెలుపలి పోటీలుగా తామే ఏర్పరచుకొనిరి. ఒకే ఇంటివారు ఒకరినొకరు చూచుకొనుటకు చుట్టములవలె రావలసివచ్చినది.

కూటమిలో జట్లు పదునాలుగైనప్పుడు చిక్కు మరింత బిగిసెను. సౌత్ ఈస్టర్న్ కూటమిలో ఒక్కొక్క విభాగమునకు ఏడు జట్లు. ఎనిమిది పోటీలలో ఆరు స్వవిభాగమునకు పోగా రెండు మిగులును. అందొకటి ఎదుటి విభాగములో ఎన్నడును మారని ప్రత్యర్థితో. మిగిలిన ఒక్కటి ఆరు జట్లకు వంతుల చొప్పున వచ్చును. అనగా ఒక జట్టును చూచుటకు ఆరేండ్లు, దాని ఊరికి పోవుటకు పండ్రెండేండ్లు. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయము 2012లో ఈ కూటమిలో చేరెను. 2023 వరకు గడచిన పండ్రెండు ఋతువులలో జార్జియా జట్టు ఒక్కసారియు దాని మైదానమున అడుగుపెట్టలేదు. నాలుగేండ్లు చదివి వెడలిపోవు విద్యార్థికి ఇట్టివారు ఒకే కూటమివారని చెప్పుట ఎట్లు?

బలాబలముల అసమానత మరియొక లోపము. బిగ్ టెన్ కూటమి 2014 నుండి 2023 వరకు తూర్పు, పడమర విభాగములతో నడచెను. ఆ పది తుదిపోటీలలోను తూర్పువారే గెలిచిరి. 2008లో బిగ్ ట్వెల్వ్ కూటమి దక్షిణవిభాగమున మరియొక వింత జరిగెను. టెక్సాస్ ఓక్లహోమాను ఓడించెను. టెక్సాస్ టెక్ టెక్సాసును ఓడించెను. ఓక్లహోమా టెక్సాస్ టెక్‌ను ఓడించెను. ముగ్గురును కూటమిలోని ఎనిమిది పోటీలలో ఏడేసి గెలిచిరి. జాతీయపట్టికలోని స్థానమును బట్టి ఓక్లహోమాను తుదిపోటీకి పంపిరి. ఉత్తరవిభాగము నుండి ఎనిమిదింట ఐదు మాత్రమే గెలిచిన మిస్సోరీ ఎదుట నిలిచెను. ఏడు గెలిచిన టెక్సాస్ ఇంట కూర్చుండి చూచెను.

ఇట్టి అనుభవముల పిమ్మట విభాగములపై విసుగు పుట్టినది. 2022లో ఎన్. సి. ఎ. ఎ. ఆ నిర్బంధమును సడలించెను. పసిఫిక్ కూటమి ఆ యేడే విభాగములను విడిచెను. 2023లో ఆట్లాంటిక్ కోస్టు, 2024లో సౌత్ ఈస్టర్న్, బిగ్ టెన్ విడిచినవి. పట్టికలో మొదటి రెండు స్థానముల వారే తుదిపోటీ ఆడుదురు. ఇది న్యాయమే. కాని విభాగములను తీసివేసిన కాలముననే కూటములు మునుపెన్నడు లేనంత పెరిగినవి. 2024లో బిగ్ టెన్‌లో జట్లు 18, ఆట్లాంటిక్ కోస్టులో 17, సౌత్ ఈస్టర్న్‌లోను బిగ్ ట్వెల్వ్‌లోను 16 చొప్పున అయినవి. పేరు పది, లెక్క పదునెనిమిది.

ఇప్పుడు మన లెక్కను మరల వేయుదము. పదునెనిమిది జట్లకు జోడీలు 153. ఒక్కొక్కరికి తొమ్మిది పోటీల చొప్పున జరుగునవి 81. తలపడని జోడీలు 72. దాని ఫలము వెంటనే కనబడెను. 2024లో బిగ్ టెన్ పట్టికలో ఆరిగన్ తొమ్మిదింట తొమ్మిదియు గెలిచి మొదట నిలిచెను. పెన్ స్టేట్, ఇండియానా ఎనిమిదేసి గెలిచినవి. ఇద్దరును ఓహాయో స్టేట్ చేతనే ఓడిరి. ఆ ఇద్దరు తమలో తాము ఆడనే లేదు. ఇతర కొలతలతో తూచి పెన్ స్టేట్‌ను తుదిపోటీకి పంపవలసివచ్చెను. 2025లో ఆట్లాంటిక్ కోస్టు కూటమిలో ఐదు జట్లు రెండవ స్థానమున సమముగా నిలిచినవి. వారి ప్రత్యర్థుల గెలుపోటముల లెక్కను బట్టి డ్యూక్‌ను ఎన్నుకొనిరి. మైదానమున తేలవలసినది గణకుని బల్లపై తేలినది.

పది జట్లున్నచో సర్వము సుఖమే యనుటకును వీలులేదు. నెబ్రాస్కా, కొలరాడో మొదలైనవి విడిచిపోయిన పిమ్మట బిగ్ ట్వెల్వ్ కూటమి పది జట్లతో, తొమ్మిది పోటీలతో, లోపములేని పట్టికతో కొన్నియేండ్లు నడచెను. 2014లో బేలర్, టెక్సాస్ క్రిస్టియన్ జట్లు సమవిజేతలైనవి. తుదిపోటీ లేదు. ఆ యేడు మొదలైన నాలుగు జట్ల జాతీయపోటీకి ఈ ఇద్దరిలో ఎవరికిని చోటు దొరకలేదు. 2017 నుండి ఆ కూటమియు తుదిపోటీని మరల పెట్టుకొనెను. అందరితో ఆడి తేలిన వారిలో ఇద్దరిని మరల ఆడించుట దండుగవలె తోచును. అయినను జాతీయవేదికపై కన్నుపడుటకు ఆ అదనపు ఆట అవసరమయ్యెను.

కూటములు ఇట్లు ఉబ్బుట ఇది మొదటిసారి కాదు. దక్షిణాది సదరన్ కూటమి 23 జట్ల వరకు పెరిగెను. 1932 డిసెంబరులో అందుండి 13 జట్లు వేరుపడి సౌత్ ఈస్టర్న్ కూటమి నేర్పరచినవి. మిగిలినది మరల పదునేడైనపుడు 1953లో ఏడు జట్లు విడిపోయి ఆట్లాంటిక్ కోస్టు కూటమి నేర్పరచినవి. 1996లో వెస్టర్న్ అథ్లెటిక్ కూటమి హవాయి దీవుల నుండి ఓక్లహోమా వరకు వ్యాపించి 16 జట్లయ్యెను. నాలుగేసి జట్ల నాలుగు గుంపులు చేసి, ఆ గుంపులను వంతులవారీగా జతపరచి విభాగములను నడిపిరి. ఉపాయము కాగితముపై చక్కనిదే. కాని ప్రయాణవ్యయము పెరిగెను, పాతస్నేహితుల పోటీలు తరిగెను. మూడు ఋతువులు గడచునంతలో ఎనిమిది జట్లు వేరుపడి 1999లో మౌంటెన్ వెస్టు కూటమిగా ఆడసాగినవి.

ఈ పునర్విభజనలో నష్టపడిన వారిని గూర్చి చెప్పక తప్పదు. 1915లో పసిఫిక్ కూటమిని స్థాపించిన నాలుగింటిలో ఆరిగన్ స్టేట్ ఒకటి. వాషింగ్టన్ స్టేట్ 1917లో చేరెను. 2022లో లాస్ ఏంజెలెస్ నగరపు రెండు విశ్వవిద్యాలయములు బిగ్ టెన్‌కు పోవుటకు నిశ్చయించినవి. 2023లో తక్కినవారును తలయొక దారి పట్టిరి. 2024 నాటికి పండ్రెండింట పది జట్లు విడిచిపోయినవి. మిగిలినవి ఆ రెండే. ఆడుటకు ప్రత్యర్థులు చాలక 2025లో వారు ఒకే ఋతువున ఒకరితో ఒకరు రెండుసార్లు ఆడిరి. ఇప్పుడు మరికొన్ని పశ్చిమజట్లను 2026 వేసవి నుండి చేర్చుకొనుటకు ఒప్పందములు చేసికొని కూటమిని నిలబెట్టుకొనుచున్నారు. ఆ రెండును చిన్న పట్టణములలోని విద్యాలయములు. మైదానమున తీసికట్టుగా ఆడినందులకు కాక, టెలివిజను లెక్కలో తక్కువ తూగినందులకు వెనుకబడినవి.

రెండవ నష్టము ఇతర క్రీడల విద్యార్థులది. ఫుట్‌బాల్ జట్టు వారమున కొక్కసారి విమానమెక్కిన చాలును. సాఫ్ట్‌బాల్, వాలీబాల్ వంటి ఆటలకు వారమున రెండుమూడు పోటీలుండును. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములు 2024లో ఆట్లాంటిక్ కోస్టు కూటమిలో చేరినవి. పసిఫిక్ తీరపు బాలిక ఒక వాలీబాల్ ఆటకై గడియారము మూడు గంటలు మారునంత దూరము పోయి, మరల తరగతికి రావలెను. టెలివిజను ధనము ఫుట్‌బాల్‌కు వచ్చును. ప్రయాణపుటలసట అందరికి వచ్చును.

మరి ఎవరైన పటము ముందుంచుకొని అన్నిటిని సరిగా ఎందులకు పంచరు? పంచు అధికారము గలవారు లేరు. ఎన్. సి. ఎ. ఎ. సంఘము పై అంతస్తు ఫుట్‌బాల్‌కు జాతీయవిజేతను సయితము తాను నిర్ణయించదు. ఆ పోటీని కూటములే నడుపుకొనుచున్నవి. ప్రతి కూటమి ఒక స్వచ్ఛందసంఘము. దాని వెనుక ప్రసారపు ఒప్పందము ఉన్నది. 2022లో బిగ్ టెన్ కుదుర్చుకొనిన ఒప్పందము ఏడేండ్లకు 700 కోట్ల డాలర్లకు మించినదని పత్రికలు ప్రకటించినవి. ఆటగాండ్లకు కళాశాలలే నేరుగా ధనమిచ్చుటకు 2025 జూలై నుండి అనుమతి వచ్చినందున ధనావసరము ఇంకను పెరిగినది. ఓడినవారిని క్రింది అంతస్తునకు దింపి గెలిచినవారిని పైకి తెచ్చు ఇంగ్లండు సాకర్ పద్ధతిని కొందరు సూచింతురు. తమ వాటాను ఒక చెడ్డ సంవత్సరమునకు పణముగా పెట్టుటకు పెద్ద విశ్వవిద్యాలయములు ఒప్పుకొనునని మేము తలచము.

సాధ్యమగు మార్గములు రెండు కలవు. మొదటిది విభాగములు లేకుండ పొరుగుపోటీలను కాపాడుట. సౌత్ ఈస్టర్న్ కూటమి 2026 నుండి తొమ్మిది పోటీలకు మారుటకు నిశ్చయించినది. ప్రతి జట్టునకు ముగ్గురు స్థిరప్రత్యర్థులు. మిగిలిన పండ్రెండుగురిలో ఏటికి ఆరుగురు. రెండేండ్లలో అందరిని ఒకసారి చూచును, నాలుగేండ్లలో అందరి ఊళ్ళకును పోయివచ్చును. విద్యార్థి చదువుకాలము నాలుగేండ్లే కదా. ఈ లెక్క చక్కగా కుదిరినది. ఇందు మెలకువ పదునారు అను సంఖ్యలో ఉన్నది. పదునెనిమిదికి ఇంత చక్కగా కుదరదు. బిగ్ టెన్ కొన్ని పొరుగుపోటీలను మాత్రము స్థిరపరచి, మిగిలినవారితో ఐదేండ్లలో రెండుసార్లయినను ఆడునట్లు ఏర్పాటు చేసికొనినది.

రెండవది ఫుట్‌బాల్‌ను ఇతర క్రీడల నుండి విడదీయుట. ఇది వినుటకు విపరీతముగా తోచినను క్రొత్తది కాదు. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయము ఫుట్‌బాల్‌లో ఏ కూటమికిని చెందక, ఇతర క్రీడలలో చాలవాటికి ఆట్లాంటిక్ కోస్టు కూటమిలో నున్నది. రెండవ అంతస్తులో ఫుట్‌బాల్ కొరకే ఏర్పడిన మిస్సోరీ వ్యాలీ కూటమి కలదు. ఫుట్‌బాల్ జట్లు టెలివిజనుకు కావలసిన దూరము పోవచ్చును. తక్కిన క్రీడలు బస్సుపై పోయిరాగల పాత పొరుగు కూటములకు మరలవచ్చును. ధనము ఆగదు, పిల్లల నిద్రయు చెడదు. మేము ఎక్కువ మేలుగా తలచునది ఈ మార్గమునే.

పొరుగుపోటీకి ప్రాణము గట్టిదని ఒక దృష్టాంతము చూపుచున్నది. టెక్సాస్, టెక్సాస్ ఎ అండ్ ఎం జట్లు 1915 నుండి 2011 వరకు ఏటేట తప్పక ఆడినవి. కూటములు వేరగుటచే పండ్రెండేండ్లు ఆ పోటీ ఆగిపోయెను. 2024లో టెక్సాస్ కూడ సౌత్ ఈస్టర్న్‌లో చేరగా నవంబరు 30న మరల తలపడిరి. టెక్సాస్ 17-7 తో గెలిచెను. ఏ పునర్విభజన పోటీని చంపినదో, మరియొక పునర్విభజన దానిని బ్రతికించినది. కూటములను మార్చుట తప్పు కాదు, అవి ఎల్లప్పుడును మారుచునే యున్నవి. మార్చునపుడు ఎన్ని జట్లు చేరిన ఎంత ధనము వచ్చునను లెక్కతోపాటు, పండ్రెండు శనివారములలో ఎవరు ఎవరిని కలిసికొనగలరు అను లెక్కను గూడ వేసికొనవలెను. మొదటి లెక్కకు ఒప్పందముతో గడువు తీరును. రెండవ లెక్క తప్పినచో ఆ కూటమి నిలువదని సదరన్, వెస్టర్న్ కూటముల చరిత్ర చెప్పుచున్నది.